ఆంటిపాక్సోస్‌లో వూటూమి ఒంపుకి సొంతంగా పడవ నడుపుకుంటూ: గాలి, లంగరు, ఎదురు ప్రయాణం

గ్రీస్ పడమటి సముద్రంలో, కోర్ఫూకి దక్షిణంగా పాక్సోస్ అనే చిన్న ద్వీపం ఉంది. పొడవు పది కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. విమానాశ్రయం లేదు. దాని కింద రెండు మూడు కిలోమీటర్ల నీళ్ళు దాటితే ఇంకా చిన్నది ఆంటిపాక్సోస్: ద్రాక్షతోటలు, కొన్ని ఇళ్ళు, అంతే. ఆ ద్వీపం తూర్పు ఒడ్డున తెల్లటి సున్నపురాయి కొండల మధ్య రెండు ఒంపులున్నాయి. ఒకటి వ్రీకా, ఇసుక తీరం. రెండోది వూటూమి, తెల్ల గులకరాళ్ళ తీరం. ఫోటోల్లో పడవ గాల్లో తేలుతున్నట్టు కనిపించే నీళ్ళు ఇవే.

పాక్సోస్ ముఖ్య పట్టణం గాయోస్‌లో 30 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న చిన్న పడవని లైసెన్స్ లేకుండానే అద్దెకిస్తారు. అరగంట పాఠం చెప్పి తాళం చేతిలో పెడతారు. వెళ్ళడం నిజంగానే తేలిక. ఇబ్బందులన్నీ రెండు చోట్ల వస్తాయి: లంగరు వేసేటప్పుడు, మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేటప్పుడు. ఈ టపాలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే.

ముందు ఒక మాట. మీ బృందంలో ఈత రానివాళ్ళు సగం మంది ఉన్నా, పడవ నడిపే మనిషికి ఇదే మొదటిసారి అయినా, గాయోస్ రేవు నుంచి వేసవిలో రోజూ తిరిగే సీ టాక్సీ ఎక్కండి. ఇరవై నిమిషాల్లో వ్రీకా దగ్గరో వూటూమి దగ్గరో దింపుతుంది, సాయంత్రం వెనక్కి తెస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు. సొంత పడవతో దక్కే అదనపు లాభం ఒక్కటే: జనం రాకముందే చేరడం, పక్కనున్న చిన్న ఒంపుల్లో ఆగడం. అది మీకు ముఖ్యం కాకపోతే ఈ హైరానా అక్కర్లేదు.

పాక్సోస్‌కి కోర్ఫూ నుంచి వేగంగా వెళ్ళే హైడ్రోఫాయిల్‌లో సుమారు గంట. కార్లు ఎక్కే ఫెర్రీ గ్రీస్ ప్రధాన భూభాగంలోని ఇగూమెనీత్సా నుంచి వస్తుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా కావాలి. షెంగెన్ దేశాల్లో నివాస అనుమతితో ఉన్నవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు.

ఇక గాలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయోనియన్ సముద్రంలో వాయువ్యం నుంచి వీచే గాలిని మాయిస్త్రో అంటారు. పొద్దున సముద్రం నూనె పోసినట్టు ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కేకొద్దీ, మధ్యాహ్నం పన్నెండూ ఒంటిగంట మధ్య గాలి మొదలవుతుంది. నాలుగూ ఆరూ మధ్య బాగా ముదురుతుంది, పొద్దు వాలాక పడిపోతుంది. గ్రీస్‌లో గాలి బలాన్ని బోఫోర్ అనే కొలమానం అంకెల్లోనే చెప్తారు. 3 అంటే ఈ పడవకి హాయి. 4 అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, అలల తలలు అక్కడక్కడా తెల్లగా విరుగుతుంటాయి. నడపొచ్చు కానీ బట్టలు తడుస్తాయి. 5 వస్తుందంటే ఆ రోజు మానుకోండి. చాలామంది యజమానులు ఆ రోజు పడవ ఇవ్వరు కూడా.

గాయోస్ నుంచి వూటూమి ఆగ్నేయంగా ఉంటుంది. అంటే వెళ్ళేటప్పుడు ఉన్న కాస్త గాలీ వెనక నుంచి తోస్తుంది, పడవ అలల మీద జారుతూ పోతుంది. పైగా పొద్దున కాబట్టి గాలే ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు దిక్కు వాయువ్యం, గాలి సరిగ్గా ముఖాన. వెళ్ళేటప్పుడు పాతిక నిమిషాలు పట్టిన దారికి వచ్చేటప్పుడు గంట పడుతుంది. వూటూమి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి మాయిస్త్రో నుంచి కొండ చాటు దొరుకుతుంది. అసలు చిక్కు అదే. లోపల కూర్చున్నవాళ్ళకి నాలుగింటికి కూడా నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. బయట రెండు ద్వీపాల మధ్య జలసంధిలో ఏం జరుగుతోందో ఒంపులోంచి తెలీదు.

అందుకని ఈ ప్రయాణానికి సరైన వేళలు ఇవి: తొమ్మిదింటికల్లా రేవు వదలడం, పదింటిలోపు లంగరు వేయడం, ఒంటిగంటన్నరకి లంగరు ఎత్తడం. కోర్ఫూ నుంచీ ఎదుటి ఒడ్డున ఉన్న పార్గా నుంచీ వచ్చే పెద్ద విహార పడవలు పదకొండు దాటాక దిగుతాయి. ఆ తర్వాత వూటూమి ఏకాంతం పేరుకే. మూడున్నరకి అవి వెళ్ళిపోయాక మళ్ళీ బాగుంటుంది నిజమే, కానీ అప్పటికి గాలి వచ్చేసి ఉంటుంది. దక్షిణపు గాలో ఆగ్నేయపు గాలో వీచే రోజుల్లో లెక్క తలకిందులవుతుంది. మాయిస్త్రో రోజుల్లో దొరికే కొండ చాటు అప్పుడు వూటూమిలో ఉండదు, అలలు లోపలికి వస్తాయి. అలాంటి రోజు ఎంత ఎండ కాసినా వెళ్ళొద్దు. గ్రీస్ వాతావరణ శాఖ సముద్ర బులెటిన్‌ని ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. దానికన్నా మంచిది రేవులో పడవ ఇచ్చే మనిషిని "ఎన్నింటికి వెనక్కి రమ్మంటారు?" అని అడగడం. ఆయన చెప్పిన వేళకి అరగంట ముందే బయల్దేరండి.

పడవ మామూలుగా నాలుగున్నర, అయిదు మీటర్ల ఫైబర్‌గ్లాస్‌ది. వెనక ఇంజన్, పైన గుడ్డ పందిరి, పక్కన మడత నిచ్చెన. రేవు వదలకముందే మీరు చేత్తో ముట్టుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. లంగరు ఎక్కడుంది, దానికి గొలుసు ఉందా, తాడు పొడవెంత? 30 మీటర్లు ఉంటే సరిపోతుంది. తాడు రెండో కొస పడవకి కట్టి ఉందా? ఇది అడక్కుండా వెళ్ళి, తాడుతో సహా లంగరుని సముద్రానికి సమర్పించినవాళ్ళు ప్రతి వేసవిలో ఉంటారు. లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, పిల్లల కొలతవి వేరేగా ఉన్నాయా? పెద్దవాళ్ళ జాకెట్ పిల్లవాడికి తొడిగితే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి, పిల్లవాడు కిందికి జారతారు. అది రక్షణ కాదు. పెట్రోల్ ట్యాంక్ మూత మీద గాలి మర, అంటే ట్యాంక్‌లోకి గాలి వెళ్ళనిచ్చే చిన్న మర, తెరిచి ఉందా? తెడ్లు ఉన్నాయా? యజమాని ఫోన్ నంబర్ మీ ఫోన్లో ఎక్కిందా? గ్రీస్ కోస్ట్ గార్డ్ నంబర్ 108, యూరప్ అంతటికీ 112. ప్రొపెల్లర్ రెక్కల ఫోటో కూడా తీసుకోండి. చాలా ఒప్పందాల్లో ప్రొపెల్లర్ దెబ్బ ఖర్చు అద్దెకి తీసుకున్నవాళ్ళదే, కాబట్టి పాత గాటు మీ ఖాతాలో పడకూడదు.

కిల్ కార్డ్ అనే ఎర్రటి తాడు ఒకటి ఉంటుంది. ఒక కొస ఇంజన్ స్విచ్‌కి, రెండోది నడిపేవాళ్ళ మణికట్టుకో తొడకో. మీరు జారి నీళ్ళలో పడితే ఇంజన్ ఆగిపోతుంది. అది లేకపోతే చుక్కాని పట్టుకునేవాళ్ళు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ మీ మీదికే వస్తుంది. ఒంపులో ఆగినప్పుడు దాన్ని ఊడదీసి ఎక్కడో పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఇంజన్ స్టార్ట్ అవట్లేదని యజమానికి ఫోన్ చేయడం చాలా మామూలు. ఇంజన్ మొండికేస్తే మొదట చూడాల్సింది ఆ తాడే. రెండోది గేర్ న్యూట్రల్‌లో ఉందా అన్నది.

గాయోస్ రేవు ముందు ఏయోస్ నికోలాస్ అనే చిన్న ద్వీపం అడ్డుగా ఉంటుంది, దాని మీద వెనీస్ కాలం నాటి పాత కోట. పట్టణానికీ ద్వీపానికీ మధ్య నీటి దారి వంపు తిరిగిన కాలవలా ఉంటుంది. దక్షిణపు మూతి ఇరుకు, లోతు తక్కువ. చిన్న పడవలకి చాలు. అక్కడ నడక వేగం దాటొద్దు. మీరు లేపిన అల కట్టేసి ఉన్న పడవలన్నింటినీ గోడకేసి కొడుతుంది. బయటికి వచ్చాక తీరానికి రెండు మూడు వందల మీటర్ల దూరం పాటిస్తూ దక్షిణానికి. పాక్సోస్ కొస మోంగోనీసీ దాటితే జలసంధి. పొద్దున ఇక్కడ చూడాల్సింది ఫెర్రీలూ విహార పడవలూ లేపే అలల్ని మాత్రమే. అలాంటి అల పక్క నుంచి వస్తుంటే వేగం తగ్గించి, పడవ ముందు కొసని అలకి కాస్త ఏటవాలుగా తిప్పండి. ముందు కొస మీద ఎవరూ కూర్చోకూడదు. అక్కడ దెబ్బ మొత్తం నడుముకే తగులుతుంది.

పెట్రోల్ విషయంలో ఒక పాత లెక్క ఉంది: మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. 30 హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి వేగంలో గంటకి పది లీటర్ల దాకా తాగుతుంది, మధ్యస్థంగా నడిపితే అందులో సగం. ఆరేడు కిలోమీటర్ల దూరానికి పూర్తి వేగం ఎందుకూ కొరగాదు. గంటకి 15 కిలోమీటర్లు చాలు.

ఇక వూటూమి. లోపలికి వెళ్ళేముందు ఒంపు బయట ఇంజన్ తగ్గించి రెండు నిమిషాలు ఆగి నీటి రంగు చదవండి. లేత పచ్చ కలిసిన తెలుపు అయితే అడుగున ఇసుక. ముదురు నీలం, గోధుమ మచ్చలు అయితే రాయి గానీ పొసిడోనియా గానీ. పొసిడోనియా అంటే మధ్యధరా సముద్రానికే ప్రత్యేకమైన సముద్రపు గడ్డి. చేపపిల్లలకి ఆశ్రయం, ఇసుకని పట్టి ఉంచేది అదే. దాని దుంపలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతాయి, ఒక లంగరు గీసిన గాడి పూడడానికి దశాబ్దాలు పడుతుంది. యూరప్ చట్టంలో దానికి రక్షణ ఉంది. ఆ బాధ్యత మిమ్మల్ని కదిలించకపోతే స్వార్థానికైనా వినండి: గడ్డి మీద తేలికపాటి లంగరు పట్టదు. పైపైన ఆకుల మీద జారి, పట్టినట్టు నటించి, మీరు నీళ్ళలో ఉన్నప్పుడు వదిలేస్తుంది. సూర్యుడు మీ వెనక, నెత్తి మీదికి ఎక్కి ఉన్నప్పుడు రంగులు బాగా తెలుస్తాయి. ఎదురెండలో అంతా వెండి రేకులా మెరిసి ఏమీ కనబడదు.

లోతు విషయంలో కన్ను మోసం చేస్తుంది. నీటిలో కాంతి వంగడం వల్ల అడుగు అసలు లోతులో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల నీళ్ళు ఆరు మీటర్లలా ఉంటాయి. ఇంత తేటగా ఉన్నచోట అది కూడా నాలుగేలే అనిపిస్తుంది. తాడు తక్కువ వదలడానికి సగం కారణం ఇదే. లంగరు తాడు మీద ప్రతి మీటరుకీ ముడో గుర్తో ఉంటే దింపుతూ లెక్కపెట్టండి. లేకపోతే చేతుల బారతో కొలవండి, బారంటే దాదాపు మీటరున్నర పైన.

లంగరుకి పట్టు దాని బరువు వల్ల రాదు, లాగే కోణం వల్ల వస్తుంది. తాడు అడుగుకి దాదాపు సమాంతరంగా లాగితే లంగరు గోళ్ళు ఇసుకలో దిగుతాయి. తాడు పొట్టిగా ఉండి పైకి లాగితే అవే గోళ్ళు ఊడతాయి. అందుకే నీటి లోతుకి అయిదు రెట్లు తాడు. నాలుగు మీటర్ల లోతైతే ఇరవై మీటర్లు. పడవ ముందు కొస నీటి పైన ఎంత ఎత్తుందో దాన్ని కూడా లోతులో కలపాలి కాబట్టి మరో రెండు మూడు మీటర్లు వేసుకోండి. మూడు నుంచి అయిదు మీటర్ల లోతున్న ఇసుక మచ్చ ఎంచుకుంటే 30 మీటర్ల తాడుతో అన్నీ కుదురుతాయి.

వేసే పద్ధతి ఇది. గాలికి ఎదురుగా ముందు కొస పెట్టి, ఇసుక మచ్చ మీదికి చాలా నెమ్మదిగా వెళ్ళండి. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టండి. పడవ ఆగి వెనక్కి జారడం మొదలయ్యాకే లంగరుని చేత్తో దింపండి. విసరడం సినిమాల్లో బాగుంటుంది. ఇక్కడ విసిరితే గొలుసు, తాడు దాని మీదే కుప్పగా పడి గోళ్ళకి చుట్టుకుంటాయి. అది అడుగు తాకాక, పడవ వెనక్కి పోతున్న కొద్దీ తాడు వదులుతూ ఉండండి. మొత్తం పోయాక ముందున్న కొక్కేనికి కట్టి, రివర్స్ గేర్‌లో అతి తక్కువ వేగంతో పది పదిహేను సెకన్లు లాగండి. తాడు బిగుసుకుని పడవ అక్కడే నిలబడితే పట్టినట్టు. తాడు చేతికి గరగరా అదురుతుంటే లంగరు ఈడ్చుకొస్తోంది, ఎత్తి మళ్ళీ వేయాలి. రివర్స్ చేసేటప్పుడు ఒకరు వెనక చూస్తుండాలి. నీళ్ళలో మనుషులుంటే గేర్ వేయకూడదు, అంతే. పడవ వెనక కట్టిన తాడు ఏదైనా నీళ్ళలో వేలాడుతుంటే అది నేరుగా ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది.

ఒడ్డున రెండు గుర్తులు ఒక వరసలో ఉండేట్టు చూసుకోండి, ఒక చెట్టు, దాని వెనక ఒక రాయి. పావుగంట తర్వాత ఆ వరస చెదిరి, చెదిరినట్టే పోతుంటే పడవ జరుగుతోంది. ఆ తర్వాత మొదట ఈతకి దిగేవాళ్ళు ఈత కళ్ళద్దం పెట్టుకుని తాడు వెంబడి వెళ్ళి లంగరుని కళ్ళారా చూసి రావాలి. గోళ్ళు ఇసుకలో పూడి ఉంటే మిగతావాళ్ళు నిశ్చింతగా దూకొచ్చు. ఇంత తేట నీటిలో ఈ వసతి ఉండగా చూడకపోవడం బద్ధకమే.

పడవ లంగరు చుట్టూ వృత్తంలా తిరుగుతుంది. ఇరవై మీటర్ల తాడుంటే గాలి మారగానే నలభై మీటర్ల అవతల ఉంటారు. పక్క పడవలు అంతే తాడు వదిలి ఉంటే అన్నీ కలిసే తిరుగుతాయి. ఒకడు అయిదు మీటర్లే వదిలి ఉంటే గుద్దుకునేది వాడితోనే. ఆ పక్కకి వెళ్ళొద్దు. ఈదేవాళ్ళ కోసం తేలే బంతుల వరస కట్టి ఉంటే దాని లోపలికి ఇంజన్‌తో పోకూడదు. పడవని ఒడ్డుకి గుచ్చడం కూడా వద్దు. కాకినాడ, విశాఖ తీరాల్లో చూసే పోటు పాటు ఇక్కడ లేవు, నీటి మట్టం రోజంతా జానెడు మారితే గొప్ప. కాబట్టి పడవ ఎండిపోదు. కానీ విహార పడవ లేపిన ఒక్క అల దాన్ని ఎత్తి గులకరాళ్ళ మీద దించితే చాలు, ప్రొపెల్లర్ రెక్క వంగుతుంది.

ఒడ్డుకి ఈది వెళ్ళాలి. గులకరాళ్ళ తీరాలు ఇసుక తీరాల కంటే నిటారుగా దిగుతాయి, నాలుగడుగులు వేస్తే కాలికి నేల అందకపోవచ్చు. ఈత రానివాళ్ళకి జాకెట్ ఒడ్డున కూడా ఉండాలి. రాళ్ళ మీద నడవడానికి రబ్బరు బూట్లు; గుట్టల పక్కన నల్ల ముళ్ళ బంతుల్లా సముద్రపు ముళ్ళచిట్టెలుంటాయి, అరికాల్లో దిగితే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది. మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, తాడుతో బిగించే వాటర్‌ప్రూఫ్ సంచీ. వూటూమి పైన కొండ మీద ఒక హోటల్ ఉంది, చాలా మెట్లెక్కాలి. తీరానికి ఆనుకుని తినాలంటే వ్రీకాయే నయం. ఆంటిపాక్సోస్ ద్రాక్షసారాకి పేరుంది. పడవ నడిపేవాళ్ళు సీసా కొనుక్కుని రాత్రికి గాయోస్‌లో తెరవాలి.

దిగేముందు నిచ్చెన నీళ్ళలోకి దింపారా? అందరూ దూకేశాక నిచ్చెన పైన మడిచి ఉందని తెలిస్తే, ఈ పడవ అంచు పట్టుకుని పైకి లాక్కోవడం బలమైనవాళ్ళకే కష్టం. అలాగే ఎక్కాక, ఇంజన్ తిప్పేముందు, నిచ్చెన ఎత్తడం.

లంగరు ఎత్తడంలో పొరపాటు ఒకటే: వెనక నుంచి లాగడం. ఇంజన్‌తో నెమ్మదిగా తాడు వైపు ముందుకెళ్ళి, పడవ లంగరుకి నేరుగా పైన వచ్చాక తాడు లాగితే సులువుగా ఊడుతుంది. రాయి కింద ఇరుక్కుని రాకపోతే, లంగరు వేసిన దిక్కుకి వ్యతిరేక దిక్కు నుంచి మెల్లగా లాగండి. దానికీ రాకపోతే తాడుకి ఖాళీ డబ్బా కట్టి వదిలేసి యజమానికి ఫోన్ చేయండి. తాడుని పడవ వెనక కొసకి కట్టి ఇంజన్‌తో లాగితే వెనక భాగం కిందికి దిగి నీళ్ళు లోపలికొస్తాయి. చిన్న పడవలు మునిగే దారుల్లో అదొకటి.

దారిలో ఇంజన్ మాట వినకపోతే చాలాసార్లు కారణం చిన్నదే. పది పదిహేను నిమిషాలు బాగా నడిచి ఇంజన్ నీరసించి ఆగితే ట్యాంక్ గాలి మర మూసి ఉంది. తెరిచి, ఇంధన గొట్టంలోని రబ్బరు బంతిని గట్టిపడేదాకా నొక్కి మళ్ళీ తిప్పండి. ఇంజన్ వెనక నుంచి సన్నని నీటి ధార రావాలి. అది ఆగితే చల్లదనం అందట్లేదు, వెంటనే ఆపండి. కింద నీళ్ళు పీల్చే రంధ్రాలకి ప్లాస్టిక్ సంచో గడ్డో అడ్డుపడి ఉంటుంది, ఇంజన్ ఎత్తి తీసేయండి. ఇంజన్ అరుస్తోంది, పడవ కదలట్లేదంటే ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుందేమో చూడండి. ఏ పని అయినా తాళం తీసేసి చేయాలి. ఈలోగా పడవ రాళ్ళ వైపు కొట్టుకుపోతుంటే మొదటి పని రిపేరు కాదు, లంగరు వేయడం.

ఆలస్యమై జలసంధిలో తెల్ల నురగలు కనిపిస్తే నేరుగా గాయోస్ వైపు గురిపెట్టొద్దు. ముందు మోంగోనీసీ కొస వైపు ఏటవాలుగా దాటి పాక్సోస్ చాటుకి చేరండి, అక్కడి నుంచి తూర్పు ఒడ్డు వెంట పైకి. అలల్ని తలకి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా తీసుకుంటూ, వేగం గంటకి పది కిలోమీటర్లకి తగ్గించండి. పడవ అల మీంచి కింద పడి ధన్మని కొడుతుంటే ఇంకా తగ్గించాలి. అందరూ మధ్యలోకీ వెనక్కీ, జాకెట్లు తొడుక్కుని. పిల్లలు కింద కూర్చోవాలి, నిలబడకూడదు. మరీ ఎక్కువుంటే దాటొద్దు. ఆంటిపాక్సోస్ తూర్పు ఒడ్డునే వూటూమికి కాస్త దక్షిణంగా ఆగ్రాపిడియా అనే చిన్న రేవుంది, అక్కడ కట్టేసి యజమానికి చెప్పండి. సీ టాక్సీలో మనుషులు వెనక్కి వచ్చేయొచ్చు, పడవ మర్నాడు పొద్దున వస్తుంది. దానికి ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వండి. గాలి పడ్డాక రాత్రి వస్తామనుకోవడం మాత్రం కుదరదు, ఈ అద్దె పడవలు చీకట్లో నడపడానికి కావు.

పొద్దుటి పూటే ఇంకా సమయం మిగిలితే పాక్సోస్ పడమటి గోడల్నీ గుహల్నీ కూడా చుట్టేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది వేరే రోజు పని. పడమటి వైపు మాయిస్త్రోకి పూర్తిగా ఎదురు, ఆగడానికి చోట్లు తక్కువ, అలలు కొండకి కొట్టి వెనక్కి తిరిగి గందరగోళంగా లేస్తాయి. ఆ వైపు ప్రశాంతమైన రోజు పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించాలి.

గాయోస్ తిరిగొచ్చాక రేవుకి చేరే ముందే పడవ గోడకి రాసుకోకుండా పక్కల వేలాడదీసే గాలి బంతులు దింపుకుని, వేగం చంపుకుని, గాలికి ఎదురుగా గోడ దగ్గరికి రండి. చేతులూ కాళ్ళూ గోడకీ పడవకీ మధ్య పెట్టి ఆపబోవద్దు, వేళ్ళు నలుగుతాయి. పెట్రోల్ వాడినంతే నింపి, ప్రొపెల్లర్ యజమానికి చూపించి, తాళంతో పాటు కిల్ కార్డ్ కూడా అప్పజెప్పండి. అది చాలాసార్లు జేబులోనే ఉండిపోయి హోటల్‌కి వెళ్ళిపోతుంది.